నేల మీది మొక్కకు నీటి అవసరం ఎక్కడెక్కడ మిగిలింది: ఒక ప్రయోగశాల కేస్ స్టడీ

డిగ్రీ విద్యార్థుల వృక్షశాస్త్రం రికార్డులు దిద్దే అధ్యాపకులకు ఒక పేరా కంఠస్థమైపోయి ఉంటుంది. శైవలాలు (ఆల్గే) నీటిలో ఉండిపోయాయని, బ్రయోఫైటా మొక్కలు (నాచులు, వాటి బంధువులు) సగం బయటికి వచ్చాయని, టెరిడోఫైటా మొక్కలు (ఫెర్నులు, వాటి బంధువులు) ఇంకొంచెం ముందుకు నడిచాయని, వివృతబీజాలు (పండు లేని విత్తన మొక్కలు) దాదాపు గట్టెక్కాయని, ఆవృతబీజాలు (పూల మొక్కలు) నీటి నుంచి నేల మీదికి సాగిన ఆ ప్రయాణాన్ని పూర్తి చేశాయని ఆ పేరా చెబుతుంది. అందులో పూర్తిగా తప్పని కొట్టేయవలసిన వాక్యం ఒక్కటీ ఉండదు, అందుకే మార్కులూ పడతాయి. అయితే దాన్ని రాసిన విద్యార్థికి ఎండాకాలం గోడ మీద నల్లగా మాడినట్టున్న నాచును చూపించి, ఇది బతికుందా లేదా అని అడిగితే, నీళ్లు లేవు కాబట్టి చచ్చిపోయిందనే సమాధానం వస్తుంది. పాఠం అర్థం కాలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

శేషాచలం కొండల దిగువన ఉన్న మా కళాశాలలో ఈ యూనిట్ ప్రాక్టికల్స్‌ను మేము ఒకే ప్రశ్న చుట్టూ తిరగరాసుకున్నాం. బల్ల మీద ఏ మొక్క పెట్టినా, దానికి ఏ పనికి బయటి నీరు ఇంకా కావాలి, ఏ పనికి అక్కర్లేదు అన్నదే ఆ ప్రశ్న. పనులను నాలుగుగా విడదీశాం: దేహం ఎండకుండా కాపాడుకోవడం, లేదా ఎండినా చావకుండా ఉండటం, నేలలోని నీటిని పైకి చేర్చుకోవడం, సిద్ధబీజాలను (స్పోర్లను) గాలిలోకి వదలడం, పురుషబీజకణం స్త్రీబీజకణాన్ని చేరుకోవడం. ఈ నాలుగూ ఒకేసారి తీరినవి కావు, అన్ని వర్గాల్లో ఒకే వరుసలో తీరినవీ కావు. ఈ ఒక్క సంగతిని కళ్లతో చూపించగలిగితే చాలుననుకున్నాం. అందుకు ఎంచుకున్న మొక్కలు, చేసిన పరీక్షలు, తేలిన విషయాలు ఈ నివేదికలో ఉన్నాయి.

గోడ మీది నాచు

మొదటి నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. మన ఊళ్లలో సున్నం పూసిన పాత గోడల మీద, నీళ్ల ట్యాంకుల కింద పెరిగే నాచుల్లో హయోఫిలా ఇన్వొల్యూటా చాలా సాధారణమైనది. ఎండినప్పుడు దాని ఆకులు అంచులు లోపలికి చుట్టుకుని, కాండాన్ని అంటిపెట్టుకుని, గోధుమ నలుపు రంగు కుచ్చులా కనిపిస్తుంది. వాచ్‌గ్లాసులో పెట్టి డ్రాపరుతో రెండు చుక్కల నీరు వేస్తే, విద్యార్థి రికార్డులో పేరు, తేదీ రాసుకునే లోపే ఆకులు విచ్చుకుంటాయి, పచ్చదనం పైకి వస్తుంది. ఒక ఆకును స్లైడు మీద పరిస్తే నడి ఈనె మినహా మిగిలిన భాగమంతా ఒకే కణం మందం. అంత పలచటి ఆకు నీటిని నిలుపుకోలేదు, ఆ ప్రయత్నం కూడా చేయదు. గాలిలో తేమ ఎంత ఉంటే తనలోనూ అంతే ఉంచుకుంటుంది; తేమ పోతే జీవక్రియలను ఆపేసుకుంటుంది, తిరిగి రాగానే మళ్లీ మొదలుపెడుతుంది.

అంటే మొదటి పనికి నేల మీద రెండు దారులున్నాయి. అవభాసిని అనే మైనపు పూత పూసుకుని, పత్రరంధ్రాలనే సన్నని రంధ్రాలను తెరుస్తూ మూస్తూ, దేహంలోని నీటిని కాపాడుకోవడం ఒక దారి. ఎండిపోవడాన్ని అడ్డుకోకుండా, ఎండినా కణం చెడిపోకుండా చూసుకోవడం రెండోది. పాఠ్యపుస్తకాలు మొదటి దారినే అనుకూలనంగా చెప్పి, రెండోదాన్ని లోపంగా వదిలేస్తాయి. మే నెల ఎండలో గోడ మీద మొక్కజొన్న మొలక ఒక్కరోజు నిలవదు, ఈ నాచు నెలల తరబడి నిలుస్తుంది. ఇక్కడ ఎవరు వెనకబడ్డవారో విద్యార్థులే చెప్పాలి.

నాచును వృక్షరాజ్యపు ఉభయచరం అనడం మన పుస్తకాల్లో స్థిరపడిపోయింది. నాలుగో పని విషయంలో ఆ మాట సరైనదే. రెండు కశాభాలు (కొరడా లాంటి తోకలు) ఉన్న పురుషబీజకణం, స్త్రీబీజకణం ఉండే స్త్రీబీజాశయం దాకా ఈదుకుంటూ పోవాలి కాబట్టి, వాన చినుకో మంచు బిందువో ఆ సమయానికి తప్పనిసరి. అయితే మైదాన ప్రాంతపు గోడల మీది హయోఫిలాలో గుళికలు (ఫలదీకరణం తర్వాత సిద్ధబీజాలు తయారయ్యే తిత్తులు) అరుదుగా దొరుకుతాయి. ఆకుల గ్రీవాల్లో నక్షత్రాకారంలో ఉండే జెమ్మాలు (విడిపోయి కొత్త మొక్కగా పెరిగే చిన్న ముక్కలు) మాత్రం వెతికితే కనిపిస్తాయి. ఈత ద్వారా జరగవలసిన ఫలదీకరణాన్ని పక్కన పెట్టి, శాఖీయంగానే గోడంతా అల్లుకునే ఏర్పాటిది. విద్యార్థులు దీన్ని తమంతట తాము గమనించిన రోజున తరగతి బాగా సాగుతుంది.

గుళిక కోసం ఫ్యునేరియా అనే మరో నాచు శాశ్వత స్లైడ్లు వాడాం. గుళిక అడుగు భాగంలో పత్రరంధ్రాలుంటాయి, కానీ వాటిలో రెండు రక్షక కణాలు ఉండవు. రంధ్రం చుట్టూ వలయంలా ఒకే కణం, అందులో రెండు కేంద్రకాలు ఉంటాయి. విభజన మొదలై, అడ్డుగోడ పూర్తికాకుండా ఆగిపోయిన కణమది. నాచు ఆకుకు లేని పత్రరంధ్రం నాచు గుళికకు ఎందుకుంది అన్న ప్రశ్న దగ్గర ఆగడం మంచిది. కొమ్ము బ్రయోఫైట్లయిన ఆంథోసిరాస్ వర్గంలో పత్రరంధ్రాలు ఒకసారి తెరుచుకుంటే మళ్లీ మూసుకోవు. గుళిక ఎండి పగిలేందుకు అవి తోడ్పడతాయి. బ్రయోఫైటాలోనే మరో వర్గమైన లివర్‌వర్టుల్లో పత్రరంధ్రాలే లేవు. ఇటీవలి జన్యు ఆధారిత వంశవృక్షాలు బ్రయోఫైటా మొత్తాన్ని ఒకే శాఖగా చూపిస్తున్నాయి కాబట్టి, లివర్‌వర్టులు పత్రరంధ్రాలను సంపాదించుకోలేదనడం కన్నా పోగొట్టుకున్నాయనడమే సబబు. మెట్ల వరుసగా నేర్చుకున్న విద్యార్థికి ఇది మొదటి పెద్ద అడ్డంకి.

విచ్చుకున్నంత మాత్రాన బతికినట్టు కాదు

రెండో నమూనా టెరిడోఫైటా వర్గపు సెలాజినెల్లా బ్రయోప్టెరిస్. పుణ్యక్షేత్రాల దగ్గర వీధుల్లో సంజీవని పేరుతో అమ్మే ఎండు ఉండ ఇదే. తూర్పు కనుమల్లో బండల మీద పెరుగుతుంది. ఎండినప్పుడు కొమ్మలన్నీ లోపలికి ముడుచుకుని, ఆకుల పాలిపోయిన అడుగు వైపు బయటికి చూపిస్తుంది. నీటిలో వేస్తే కొన్ని గంటల్లో విప్పారి పచ్చగా పరుచుకుంటుంది. అమ్మేవారు చేసే ప్రదర్శన ఇదే, తరగతిలో అందరికీ నచ్చే ప్రదర్శన కూడా ఇదే.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కొమ్మ ముడుచుకోవడం, విప్పారడం చాలావరకు భౌతిక చర్య. కాండంలో ఒక పక్క కణజాలం మరో పక్క కణజాలం కన్నా ఎక్కువ నీరు పీల్చి ఉబ్బుతుంది, దాంతో కొమ్మ వంగుతుంది. అందుకని ఎప్పుడో చచ్చిపోయిన కొమ్మ కూడా నీటిలో విప్పారుతుంది. బతికున్నదేదో తేల్చడానికి మేము ప్లాస్మాలిసిస్ పరీక్ష పెట్టాం. విప్పారిన కొమ్మ నుంచి ఆకు తీసి, బ్లేడుతో వీలైనంత పలచగా కోసి, గాఢమైన ఉప్పు ద్రావణంలో ఉంచి చూడాలి. బతికున్న కణంలో ప్లాస్మా త్వచం చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి, లోపలి జీవపదార్థం గోడను వదిలి ముడుచుకుంటుంది. మంచినీటిలోకి మార్చితే మళ్లీ గోడను తాకుతుంది. చచ్చిన కణంలో ఈ కదలిక ఉండదు. వీధిలో కొన్న ఉండల్లో చాలావాటి ఆకులు ఏ స్పందనా చూపలేదు, అయినా కొమ్మలు అందంగా విచ్చుకున్నాయి. బండ మీద నుంచి కొద్దిగా తెచ్చి నీడలో ఆరబెట్టిన మొక్కల కణాలు మాత్రం ముడుచుకుని తిరిగి తేరుకున్నాయి. హయోఫిలా ఆకు మీదా ఇదే పరీక్ష చేయవచ్చు, కాకపోతే దాని పై భాగపు కణాలు మరీ చిన్నవి కావడం వల్ల 40ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద ఓపికగా చూడవలసి వస్తుంది.

ఇదే మొక్క కాండాన్ని అడ్డంగా కోస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. గాలి గదుల మధ్య ట్రాబెక్యులాలనే సన్నని కణాల పోగుల మీద వేలాడుతున్న ప్రసరణ స్తంభం కనిపిస్తుంది. సాఫ్రనిన్ రంగు వేస్తే దారుకణాల (నీటిని మోసే కణాల) గోడలు ఎర్రగా తేలతాయి, ఎందుకంటే వాటిలో గోడను గట్టిపరిచే లిగ్నిన్ ఉంది. ఆకు మీద అవభాసిని, రెండు రక్షక కణాలతో సరైన పత్రరంధ్రాలు ఉన్నాయి. అంటే నీటిని కాపాడుకునే సరంజామా అంతా ఉంటూనే, ఎండినా బతికే గుణాన్నీ ఈ మొక్క పట్టుకుంది. రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటే మరొకటి మూసుకుపోదని దీనికన్నా స్పష్టంగా చెప్పే నమూనా మా ప్రాంతంలో లేదు.

సెలాజినెల్లాలో గమనించవలసింది మరొకటి ఉంది: సిద్ధబీజాలు రెండు పరిమాణాల్లో ఉంటాయి. ఒక్కో స్థూలసిద్ధబీజాశయంలో సాధారణంగా నాలుగు పెద్దవి, సూక్ష్మసిద్ధబీజాశయంలో లెక్కకు మించిన చిన్నవి. సంయోగబీజదం (బీజకణాలను తయారుచేసే దశ) సిద్ధబీజం గోడల లోపలే పెరుగుతుంది, ఆహారం కూడా తల్లి మొక్క ఇచ్చి పంపినదే. పురుషబీజకణం ఈదవలసిన అవసరం పోలేదు గానీ, సంయోగబీజదం నేల మీద విడిగా పెరగవలసిన కాలం బాగా తగ్గింది.

ఫెర్నులు, మార్సీలియా

ఫెర్న్ కోసం పాత బావి గోడల సున్నంలో పెరిగే టెరిస్ విట్టేటాను తీసుకున్నాం. పెద్ద మొక్కకు వేర్లు, దారువు (నీటిని మోసే కణజాలం), అవభాసిని, పత్రరంధ్రాలు అన్నీ ఉన్నాయి. సిద్ధబీజాలను తడి ఇటుక ముక్కల మీద చల్లి, గాజు మూత పెట్టి కొన్ని వారాలు ఉంచితే చిటికెన వేలి గోరంత కూడా లేని హృదయాకారపు ప్రథమాంకురాలు (ఫెర్న్ సంయోగబీజదాలు) వస్తాయి. వీటికి పెద్ద మొక్కకున్న రక్షణ ఏదీ లేదు, మూత తీసి ఫ్యాను కింద పెడితే వాడిపోతాయి. నొక్కు దగ్గర స్త్రీబీజాశయాలు, వెనక మూలతంతువుల మధ్య పురుషబీజాశయాలు ఉంటాయి. నీరు తగిలితేనే పురుషబీజాశయాలు పగులుతాయి. స్త్రీబీజాశయం విడుదల చేసే మాలిక్ ఆమ్లం పురుషబీజకణాలను ఆకర్షిస్తుందని 1884లోనే వృక్షశాస్త్రవేత్త ఫెఫర్ చూపించారు. కాబట్టి ఫెర్న్ ఎక్కడ బతకగలదో తేల్చేది నిలువెత్తు మొక్క కాదు, ఈ గోరంత దశ.

మరోవైపు ఫెర్న్ సిద్ధబీజాశయం పొడి గాలినే పనిముట్టుగా వాడుకుంటుంది. పండిన సిద్ధబీజాశయాన్ని తడి స్లైడు మీద పెట్టి దీపం కింద ఆరనిస్తే, దాని చుట్టూ ఉన్న వలయపు కణాల్లో నీరు ఆవిరై వాటి పలచని బయటి గోడలు లోపలికి లాగబడతాయి, ఆశయం వెనక్కి వంగి నోరు తెరుస్తుంది. లోపలి నీటి స్తంభం తెగిన క్షణంలో వలయం ఒక్క ఉదుటున వెనక్కి కొట్టుకుని సిద్ధబీజాలను విసిరేస్తుంది. ఈ ఒక్క దృశ్యం కోసం విద్యార్థులు సూక్ష్మదర్శిని దగ్గర వరుసలో నిలబడతారు. ఎండ అనేది మొక్కకు కేవలం ప్రమాదం మాత్రమే కాదని, మూడో పనికి అది కావలసిన వనరని ఇక్కడ తెలుస్తుంది.

మార్సీలియా మినుటా వరిపొలాల్లో, చెరువు అంచుల్లో నాలుగు పత్రకాలతో కనిపించే కలుపు ఫెర్న్. నీరు ఇంకిపోయాక దొరికే దాని సిద్ధబీజఫలాలు (సిద్ధబీజాశయాలను లోపల దాచుకున్న కాయలు) గింజల్లా గట్టిగా ఉంటాయి, దశాబ్దాల తరబడి సజీవంగా ఉండగలవు. అంచు దగ్గర బ్లేడుతో చిన్న గాటు పెట్టి పెట్రిడిష్‌లో నీరు పోస్తే, గంటలోపే ఒక జిగురు తాడు నిదానంగా బయటికి పాకుతుంది. నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురు లాంటిదే అది, కాకపోతే రెండు పక్కలా సిద్ధబీజాశయాల గుంపులను మోసుకొస్తుంది. ఫలదీకరణం ఒకట్రెండు రోజుల్లోనే అయిపోతుంది. నీరు కావాలి, కానీ ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చినా ఎంతకాలం ఉంటుందో తెలియదు. మన చెరువుల తీరే అది. అందుకు తగ్గట్టుగా ఈ మొక్క నీటి అవసరాన్ని రద్దు చేసుకోలేదు, దాన్ని ఒకట్రెండు రోజుల పనిగా కుదించుకుంది.

సైకాస్: ఈత ఉంది, వాన అక్కర్లేదు

శేషాచలం, కడప కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకాస్ బెడ్డోమీ అనే వివృతబీజం మాకు పొరుగు మొక్క. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న జాతి ఇది. నాటువైద్యం కోసం మగ శంకువులను నరికేయడం దానికున్న ముప్పుల్లో ఒకటి. అందుకే దాన్ని కొండ మీదే చూపించి, కోతలకు తోటల్లో పెంచే సైకాస్ రివొల్యూటా పత్రకాలను వాడతాం. ఈ విషయంలో రాజీ ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నమూనాల సేకరణ పేరిట విహారయాత్రకు వెళ్లిన ప్రతి బృందమూ ఒక శంకువు తెచ్చుకుంటే కొండ మీద మిగిలేదేమీ ఉండదు.

పత్రకాన్ని అడ్డంగా కోస్తే మందమైన అవభాసిని, దాని కింద దళసరి గోడల అధశ్చర్మం, అడుగు వైపు లోతుగా దిగబడిన పత్రరంధ్రాలు, మధ్య ఈనె నుంచి అంచుల దాకా నీటిని చేరవేసే ప్రసరణానుబంధ కణజాలం వరుసగా కనిపిస్తాయి. ఎండకొండ మొక్కకు ఉండవలసినవన్నీ ఉన్నాయి.

అసలు విశేషం అండంలో (తర్వాత విత్తనమయ్యే భాగంలో) ఉంది. 1896లో జపాన్‌లో హిరాసే గింకో చెట్టులోనూ, ఇకెనో సైకాస్‌లోనూ ఈదే పురుషబీజకణాలను కనుగొన్నారు. అప్పటిదాకా విత్తన మొక్కల్లో ఈత ఉంటుందని ఎవరూ చూపలేదు. సైకాస్ వర్గపు మొక్కలైన సైకాడ్‌ల పురుషబీజకణాలు వృక్షరాజ్యంలోకెల్లా పెద్దవి, కంటికి చుక్కలా కనిపించేంత పెద్దవి, వేలకొద్దీ కశాభాలున్నవి. పరాగరేణువు గాలి ద్వారానో పురుగుల ద్వారానో అండాన్ని చేరి, అక్కడ నాళం పంపి, ముందు ఆహారం పీల్చుకోవడానికే ఆ నాళాన్ని వాడుకుంటుంది. నెలలు గడిచాక పురుషబీజకణాలు స్త్రీబీజాశయాల పైనున్న గదిలోకి విడుదలై, ఆ గదిలోని ద్రవంలోనే ఈదుతాయి. ఆ ద్రవాన్ని మొక్కే సమకూరుస్తుంది. నాలుగో పనికి నీరు కావాలి, కానీ ఆకాశం నుంచి కాదు. వివృతబీజాలు నీటి మీద ఆధారపడవు అని ఒక్క ముక్కలో రాసేసే విద్యార్థికి ఈ తేడా అర్థమైతే, మొత్తం యూనిట్ అర్థమైనట్టే.

పైన్ లాంటి కోనిఫర్లలో, ఆవృతబీజాల్లో పురుషబీజకణాలకు కశాభాలు లేవు, నాళమే వాటిని గమ్యం దాకా మోసుకుపోతుంది. ఆవృతబీజాల దారునాళాలు, ద్విఫలదీకరణం, పండు వంటివి మన విద్యార్థులకు ఇంటర్మీడియట్ నుంచే పరిచయం కాబట్టి ఈ యూనిట్‌లో వాటి మీద ఎక్కువ సమయం పెట్టలేదు.

శిలాజాలతో సరిచూసుకోవడం

బతికున్న మొక్కలను వరుసగా పేర్చి దాన్నే చరిత్ర అనడం ప్రమాదం. నేటి నాచు కూడా మనతోపాటే పరిణామం చెందుతూ వచ్చిన మొక్క, ఎవరికీ పూర్వీకురాలు కాదు. అందుకని స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో రైనీ గ్రామం దగ్గరి, మొక్కల శిలాజాలున్న చెర్ట్ అనే సిలికా రాయి ఛాయాచిత్రాలతో మా ఫలితాలను సరిచూసుకున్నాం. 1912 ప్రాంతంలో విలియం మాకీ అనే వైద్యుడు గుర్తించిన ఈ శిల వయస్సు సుమారు 40 కోట్ల 70 లక్షల సంవత్సరాలు. వేడినీటి బుగ్గల నుంచి వచ్చిన సిలికా మొక్కలను నిలబడ్డవి నిలబడ్డట్టే పట్టి ఉంచడం వల్ల, కణం కణం లెక్కపెట్టవచ్చు. కిడ్‌స్టన్, లాంగ్ అనే శాస్త్రవేత్తలు 1917 నుంచి 1921 దాకా వీటిని వర్ణించారు.

అక్కడి శిలాజ మొక్క అగ్లయోఫైటాన్‌కు అవభాసిని, పత్రరంధ్రాలు ఉన్నాయి, వేర్లు లేవు, కణాల్లో నేటి మైకోరైజాను (వేర్లతో సహజీవనం చేసే శిలీంధ్రాన్ని) పోలిన శిలీంధ్రం ఉంది. నీటిని ప్రసరింపజేసే కణాలకు మాత్రం దారుకణాల మందపు గోడలు లేవు. ఈ కారణంగానే 1986లో డేవిడ్ ఎడ్వర్డ్స్ దాన్ని రైనియా ప్రజాతి నుంచి విడదీశారు. పక్కనే పెరిగిన రైనియాకు ఆ మందపు గోడలున్నాయి. అంటే పత్రరంధ్రం, దారువు ఒకే పొట్లంలో రాలేదు. అంతకన్నా ఆశ్చర్యకరమైనది లయొనోఫైటాన్: అది అగ్లయోఫైటాన్ సంయోగబీజదం, నిటారుగా నిలబడి, పత్రరంధ్రాలతో, ప్రసరణ తంతువుతో ఉంది. సంయోగబీజదం ఎప్పుడూ ఫెర్న్ ప్రథమాంకురంలా అర్భకంగా ఉండేదనుకోవడానికి ఇక వీల్లేదు. తొలి రోజుల్లో రెండు దశలూ దాదాపు సమఉజ్జీలుగా ఉండి, తర్వాత బ్రయోఫైటా శాఖలో ఒకటి, ప్రసరణ మొక్కల శాఖలో మరొకటి కుంచించుకుపోయాయనే వాదనకు ఇది బలమైన సాక్ష్యం. ఆర్కియోప్టెరిస్ అనే శిలాజ చెట్టు కూడా, లక్షణాలన్నీ ఒకే పొట్లంలో రాలేదన్న సంగతి మరోవైపు నుంచి చెబుతుంది. 1960లో చార్లెస్ బెక్ దాని ఆకులను, కాలిజైలాన్ అనే కలపను ఒకే చెట్టువిగా కలిపి చూపారు. కోనిఫర్ లాంటి కలప ఉన్నా ఆ చెట్టుకు విత్తనం లేదు, సిద్ధబీజాలే ఉన్నాయి.

ఫలితం

ఈ మార్పుల తర్వాత రికార్డుల్లో పాత పేరా పూర్తిగా మాయం కాలేదు; గైడుల్లో ఉన్నంతకాలం అది రాస్తూనే ఉంటారు. తేడా మౌఖిక పరీక్షలో కనిపించింది. మొక్క పేరు అడగడం మానేసి, నాలుగు పనుల్లో దేనికి బయటి నీరు కావాలో చెప్పి, చూపించగలిగిన రుజువు కూడా చెప్పమంటున్నాం. సెలాజినెల్లా విచ్చుకుంది కాబట్టి బతికుందని చెప్పిన వారిని ఉప్పు ద్రావణం దగ్గరికి పంపుతాం.

చివరి ప్రశ్నగా వాలిస్నేరియా ఇస్తాం. పూర్తిగా నీట మునిగి బతికే ఆవృతబీజం అది. ఆకుకు పత్రరంధ్రాలు లేవు, అవభాసిని నామమాత్రం, దారువు బాగా క్షీణించింది. మగ పూలు తెగి నీటి పైకి తేలి ఆడ పువ్వును చేరతాయి, కానీ పుప్పొడి తడవదు, పురుషబీజకణం ఈదదు, నాళంలోనే ప్రయాణిస్తుంది. మెట్ల వరుస నేర్చుకున్నవారు దాన్ని శైవలాల పక్కకు తోసేస్తారు. నాలుగు పనులను విడివిడిగా చూసినవారు మాత్రం మొదటి రెండింటికీ అవసరమైన ఏర్పాట్లను వదులుకుని, నాలుగోదాన్ని చెక్కుచెదరకుండా ఉంచుకున్న నేల మొక్కగా దాన్ని గుర్తిస్తున్నారు.